నాలుగున్నర అణాల గాలిబ్

1952 అక్టోబర్ 1న భారత తపాలా శాఖ ఆరు స్టాంపులు ఒకేసారి విడుదల చేసింది. ఒక్కో స్టాంపు మీద ఒక్కో కవి బొమ్మ. కబీర్ 9 పైలు, తులసీదాస్ ఒక అణా, మీరాబాయి రెండు అణాలు, సూర్‌దాస్ నాలుగు అణాలు, గాలిబ్ నాలుగున్నర అణాలు, టాగోర్ పన్నెండు అణాలు. ఫోటోగ్రావ్యూర్ పద్ధతిలో మన దేశానికి అచ్చయిన మొదటి స్టాంపులు ఇవే. నాసిక్‌లోని సెక్యూరిటీ ప్రెస్‌లో అచ్చు వేశారు.

అంతకు మూడేళ్ల ముందు, 1949 ఆగస్టు 15న వచ్చిన స్టాంపుల మీద రాళ్లు మాట్లాడాయి. సాంచీ స్తూపం, కోణార్క్ గుర్రం, బీజాపూర్ గోల్ గుంబద్, అమృత్‌సర్ స్వర్ణ దేవాలయం, ఎర్రకోట, తాజ్ మహల్, కుతుబ్ మినార్... కొత్త దేశం తన పాత సంపదను అలా లెక్క చెప్పుకుంది. 1952కు వచ్చేసరికి కట్టడాల వంతు అయ్యి మాటల వంతు వచ్చింది. ఆ ఆరుగురిలో ఉర్దూ కవి ఒక్కరే, మీర్జా అసదుల్లా ఖాన్ గాలిబ్.

అప్పటి రోజులు తలుచుకుంటే ఆ చిన్న కాగితం ముక్క విలువ తెలుస్తుంది. దేశం రెండు ముక్కలై అప్పటికి అయిదేళ్లే దాటాయి. ఉత్తరప్రదేశ్‌లో 1951 చట్టంతో ప్రభుత్వ భాష హిందీ అయిపోయింది. ఇటు హైదరాబాద్‌లో 1948 తర్వాత ఉస్మానియా యూనివర్సిటీలో ఉర్దూ మీడియం పోయి ఇంగ్లీషు వచ్చింది. ఉర్దూ ఎవరిది, ఈ దేశంలో దాని జాగా ఎక్కడ అనే ప్రశ్న నాలుగు దిక్కులా వినిపిస్తున్న కాలం. అలాంటప్పుడు ఒక ఉర్దూ కవి బొమ్మ దేశమంతటి పోస్టాఫీసుల్లో కౌంటర్ మీదికి వచ్చింది.

ఈ గౌరవం స్టాంపు రూపంలో రావడంలో ఇంకో విశేషం ఉంది. ఉర్దూ అదబ్‌లో టపాతో గాలిబ్ అంతగా పెనవేసుకున్న మనిషి మరొకరు లేరు. బతికినన్నాళ్లూ సర్కారు నుంచి ఆయన కోరుకున్నది దక్కలేదు. అదే సర్కారు పెట్టిన డాక్‌ఖానా మాత్రం ఆయనకు ఇల్లు, మజ్లిస్, మదరసా అన్నీ అయింది.

హైదరాబాద్ కొలువు నుంచి తండ్రి లేని బాల్యం దాకా

గాలిబ్ 1797 డిసెంబర్ 27న ఆగ్రాలో పుట్టారు. తాత కూకాన్ బేగ్ సమర్‌ఖంద్ నుంచి వచ్చిన సిపాయి. తండ్రి అబ్దుల్లా బేగ్ ఖాన్‌దీ కత్తి పట్టిన బతుకే. మొదట లక్నోలో నవాబు ఆసిఫుద్దౌలా దగ్గర, ఆ తర్వాత హైదరాబాద్ వచ్చి నిజాం అలీ ఖాన్ కొలువులో పనిచేశారు. ఆ నౌకరీ నిలవలేదు. అల్వర్ రాజు దగ్గర చేరి, అక్కడే ఒక పోరులో ప్రాణం విడిచారు. అప్పటికి కొడుక్కి అయిదేళ్లు. పెంచిన చిన్నాన్న నస్రుల్లా బేగ్ ఖాన్ ఇంగ్లీషు సైన్యంలో రిసాలాదారు. 1806లో ఏనుగు మీద నుంచి పడి ఆయనా పోయారు. తొమ్మిదేళ్లు నిండకముందే ఆ పిల్లవాడికి రెండో నీడ కూడా లేకుండా పోయింది.

చిన్నాన్న చేసిన సేవకు గుర్తుగా కుటుంబానికి ఏడాదికి పదివేల రూపాయల పింఛను ఇవ్వాలని కంపెనీ సర్కారు మొదట నిర్ణయించింది. ఆ డబ్బు ఫిరోజ్‌పూర్ ఝిర్కా నవాబు అహ్మద్ బఖ్ష్ ఖాన్ జాగీరు నుంచి రావాలి. కొద్ది వారాల్లోనే పదివేలు కాస్తా అయిదువేలయ్యాయి. అందులోనూ వాటాలు పెరిగాయి. చివరికి గాలిబ్ చేతికి వచ్చింది ఏడాదికి 750 రూపాయలు, అంటే నెలకు అరవై రెండున్నర. ఈ లెక్క తప్పు, మా హక్కు మాకు రావాలి అనే పోరాటం ఆయన జీవితంలో సగాన్ని తినేసింది.

పదమూడేళ్లకు నికాహ్ అయింది. ఉమ్రావ్ బేగం నవాబు ఇలాహీ బఖ్ష్ ఖాన్ మారూఫ్ కూతురు. ఆ తర్వాత రెండు మూడేళ్లకే గాలిబ్ ఢిల్లీ చేరారు. ఇక ఆ ఊరే ఆయన ఊరైంది. ఏడుగురు పిల్లలు పుట్టారు. ఒక్కరూ పసితనం దాటలేదు. ఉమ్రావ్ బేగం అక్క కొడుకు ఆరిఫ్‌ను కన్నబిడ్డలా చూసుకుంటే అతనూ 1852లో వయసులోనే పోయాడు. అతని ఇద్దరు పిల్లల్ని ముసలితనంలో గాలిబ్ దంపతులే పెంచారు. ఆయన కవిత్వంలోని దుఃఖం ఎక్కడిదని వెతికేవాళ్లు ముందు ఈ ఇంటి గుమ్మం దగ్గర ఆగాలి.

కలకత్తా దాకా ఒక అర్జీ

పింఛను సంగతి తేల్చుకోవాలని 1826లో గాలిబ్ ఢిల్లీ వదిలారు. కాన్పూర్, లక్నో, బాందా, అలహాబాద్, బనారస్ మీదుగా సాగిన ప్రయాణం. బనారస్ ఆయన మనసు దోచుకుంది. అక్కడి గంగ, అక్కడి ఘాట్‌ల మీద ఫార్సీలో చిరాగ్-ఎ-దైర్ అనే మస్నవీ రాశారు. ఒక ముస్లిం కవి కాశీ మీద రాసిన ఆ మస్నవీని ఇప్పటికీ ఇష్టంగా చదువుతారు. 1828 ఫిబ్రవరిలో కలకత్తా చేరారు. గవర్నర్ జనరల్ ఆఫీసులో అర్జీలు, అధికారులతో ములాఖాత్‌లు, ఎదురుచూపులు. ఏడాదిన్నరకు పైగా గడిచాక 1829 నవంబర్‌లో ఢిల్లీకి తిరిగొచ్చారు. 1831లో అర్జీ కొట్టేశారు. లండన్ దాకా రాసుకున్నా ఫలితం లేదు. మిగిలింది అప్పు.

అయినా ఖుద్దారీ వదల్లేదు. 1840ల మొదట్లో ఢిల్లీ కాలేజీలో ఫార్సీ ఉస్తాద్ కొలువు కోసం పిలుపొచ్చింది. పాల్కీలో వెళ్లి గుమ్మం దగ్గర ఆగారు. దర్బారుకు వచ్చినప్పుడు ఎదురొచ్చి తీసుకెళ్లే ఇంగ్లీషు దొర ఈసారి బయటికి రాలేదు. నౌకరీకి వచ్చినవాడికి ఆ మర్యాద వర్తించదని కబురు వచ్చింది. ఉన్న ఇజ్జత్ పెరగడానికి వచ్చాను గానీ తగ్గించుకోవడానికి కాదన్నట్టు పాల్కీ వెనక్కి తిప్పించారు. చేతిలో పైసా లేని మనిషి చేసిన పని ఇది.

తప్పులూ ఉన్నాయి. మద్యం అలవాటు, జూదం అలవాటు ఆయన దాచుకోలేదు. 1847లో ఇంట్లో జూదం ఆడించారన్న కేసులో జైలుకు వెళ్లారు. మూడు నెలల తర్వాత బయటికొచ్చారు గానీ, ఆ మూడు నెలల్లో చాలామంది దోస్తులు ముఖం చాటేయడం చూశారు. 1850లో బహదూర్ షా జఫర్ బిరుదులిచ్చి, తైమూర్ వంశ చరిత్ర రాసే పని అప్పగించి, నెలకు 50 రూపాయలు ఇప్పించారు. 1854లో జౌఖ్ చనిపోయాక బాద్‌షాకు కవిత్వంలో ఉస్తాద్ అయ్యారు. ఎర్రకోట తలుపు ఆయనకు పూర్తిగా తెరుచుకునే వేళకు ఆ కోటకే రోజులు దగ్గరపడ్డాయి.

అర అణాకు దేశమంతా

అదే 1854లో ఇంకో తలుపు తెరుచుకుంది. ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి హిందుస్తాన్ అంతటికీ ఒకే టపా రేటు వచ్చింది. అంతకుముందు దూరం పెరిగేకొద్దీ ఉత్తరం ఖర్చు పెరిగేది. కొత్త చట్టంతో పావు తులం బరువుండే ఉత్తరం దేశంలో ఏ మూలకైనా అర అణా స్టాంపుతో వెళ్లిపోతుంది. స్టాంపు మీద విక్టోరియా రాణి తల.

గాలిబ్ అప్పటికే ఉర్దూలో ఉత్తరాలు రాయడం మొదలుపెట్టారు. అంతకుముందు పెద్దమనుషుల ఉత్తరమంటే ఫార్సీలోనే ఉండాలి. మొదట సగం పేజీ బిరుదులు, దీవెనలు, పొగడ్తలు. ఆయన అవన్నీ తీసి పక్కన పెట్టారు. భాయీ అనో, మియా అనో పిలిచి, ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టు రాసుకుంటూ పోయేవారు. ఇంటి పైకప్పు వానకు కారుతున్న సంగతి, ధరల సంగతి, ఒంటి నొప్పులు, చచ్చిపోయిన దోస్తుల పేర్లు, పొద్దున ఎన్ని గంటలకు ఉత్తరం వచ్చిందో కూడా అందులో ఉంటుంది. నవ్విస్తూనే గుండె బరువెక్కిస్తారు. ఈనాటి ఉర్దూ వచనం ఆ ఉత్తరాల దారినే నడిచిందని పండితుల మాట.

లిఫాఫాలు సొంతంగా చేసుకోవడం ఆయనకు సరదా. కొన్ని ఉత్తరాలను స్టాంపు లేకుండా బేరంగ్‌గా పంపేవారు. బేరంగ్ ఉత్తరానికి అందుకున్నవాడే రెట్టింపు రుసుము కట్టాలి. ఆ డబ్బు వసూలు చేసుకోవాలి కాబట్టి డాక్ వాళ్లు అలాంటి ఉత్తరాన్ని పోగొట్టరని ఆయన లెక్క. తన చిరునామాను మహల్లా, గల్లీ అంటూ పొడుగ్గా రాసేవాళ్ల మీద చిరాకుపడేవారు. గాలిబ్, ఢిల్లీ అని రాస్తే చాలదా అన్నది ఆయన ధీమా. సొంత ఇల్లు ఒక్కటీ కొనుక్కోలేక జీవితమంతా అద్దె ఇళ్లలో గడిపిన మనిషికి డాక్‌ఖానాలో ఉన్న పరపతి అది.

ఈ ఉత్తరాలు షాగిర్దులకు పాఠాలు కూడా. దూరపు ఊళ్ల నుంచి వాళ్లు గజళ్లు పంపితే దిద్ది తిప్పి పంపేవారు. అందరికంటే దగ్గరి షాగిర్దుల్లో ఒకరు మున్షీ హర్‌గోపాల్ తఫ్తా. ఊరు సికింద్రాబాద్, అంటే మనది కాదు, బులంద్‌షహర్ దగ్గరిది. మన వైపు నుంచీ ఒకరున్నారు. నెల్లూరు ప్రాంతంలో పుట్టి, హైదరాబాద్‌లో సాలార్ జంగ్ దఫ్తర్‌లో పనిచేసిన హబీబుల్లా జకా. ఢిల్లీకీ దక్కన్‌కూ మధ్య ఆ గురుశిష్యుల బంధం ఉత్తరాల మీదే నడిచింది. గాలిబ్ హైదరాబాద్ ఎప్పుడూ రాలేదు. ఆయన రాత మాత్రం వచ్చింది.

1857: టపా ఆగిన ఊరు

1857 మే నెలలో తిరుగుబాటు ఢిల్లీ చేరింది. సెప్టెంబర్‌లో ఇంగ్లీషు సైన్యం ఊరిని మళ్లీ పట్టుకుంది. తర్వాత జరిగినవి చెప్పుకోవడానికే కష్టం. ముస్లింలను ఊరి నుంచి వెళ్లగొట్టారు. ఉరికంబాలు లేచాయి. హిందువులకు తిరిగొచ్చే అనుమతి ముందే దొరికినా ముస్లింలు చాలాకాలం బయటే ఉండాల్సి వచ్చింది. గాలిబ్ ఉన్న బల్లీమారాన్ గల్లీలో పటియాలా మహారాజు దగ్గర పనిచేసే హకీముల ఇళ్లుండేవి. మహారాజు కాపలా పెట్టించడంతో ఆ గల్లీ బతికింది. ఉమ్రావ్ బేగం నగలు భద్రంగా ఉంటాయని కాలే సాహెబ్ ఇంటికి పంపితే అవన్నీ లూటీ అయిపోయాయి.

తమ్ముడు మీర్జా యూసుఫ్ మతి చలించి వేరే ఇంట్లో ఉండేవాడు. ఆ అక్టోబర్‌లోనే చనిపోయాడు. బజారు లేదు, కఫన్ గుడ్డ దొరకదు, కబరు తవ్వే మనిషి దొరకడు. ఇరుగుపొరుగువాళ్లు ఇంట్లో ఉన్న తెల్ల దుప్పట్లు చుట్టి పక్కనున్న మసీదులో దఫన్ చేశారు. ఆ రోజుల్లో గాలిబ్‌కు చేతనైనంత సాయం చేసినవాళ్లలో హిందూ దోస్తులు, షాగిర్దులు ఎక్కువ. తఫ్తా డబ్బు పంపారు. ఈ నెలల కథనే గాలిబ్ దస్తంబూ పేరుతో ఫార్సీలో రాశారు. 1858లో ఆగ్రాలో అచ్చయింది.

ఇంకో నష్టం కూడా జరిగింది. గాలిబ్ తన కవిత్వాన్ని దగ్గర దాచుకునే మనిషి కాదు. బంధువు నవాబు జియావుద్దీన్ ఖాన్, మిత్రుడు హుసేన్ మీర్జా ఎత్తిపెట్టేవారు. ఆ రెండు కుతుబ్‌ఖానాలూ లూటీలో పోయాయి. ఉర్దూ దీవాన్‌ను మళ్లీ అచ్చు వేయాల్సి వచ్చినప్పుడు అక్కరకొచ్చింది, అంతకుముందు రాంపూర్ నవాబుకు పంపిన ప్రతి. ఊరు దాటించిన కాగితం మిగిలింది, ఊళ్లో ఉన్నది పోయింది.

పింఛను మూడేళ్లు ఆగిపోయింది. బాద్‌షాకు దగ్గరివాడన్న అనుమానం. 1859 నుంచి రాంపూర్ నవాబు యూసుఫ్ అలీ ఖాన్ నెలకు 100 రూపాయలు పంపకపోతే పొయ్యి వెలిగేది కాదు. 1860లో పింఛను బకాయిలతో సహా వచ్చింది. వచ్చిన డబ్బు అప్పులవాళ్లకే పోయింది.

మునుపు సాయంత్రమైతే మనుషులతో నిండే ఇల్లు ఖాళీ అయింది. కొందరు చనిపోయారు, కొందరు పానీపత్‌లో, కొందరు లోహారూలో, కొందరు మీరఠ్‌లో తలదాచుకున్నారు. టపా మళ్లీ నడవడం మొదలవగానే గాలిబ్ ఆ చెదిరిన మజ్లిస్‌ను కాగితం మీద కూడగట్టారు. పోస్టుమాన్ వచ్చే వేళ ఆయనకు రోజులో అన్నింటికంటే మంచి వేళ. ఉత్తరం రాకపోతే అలక, వస్తే పండుగ. ఇప్పుడు దొరికే ఉర్దూ ఉత్తరాలు 800కు పైగా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఈ ఆఖరి పన్నెండేళ్లవే. కూలిన ఢిల్లీ చరిత్ర కావాలంటే ఏ సర్కారీ దస్త్రం కంటే ఇవే ముందు చదవాలి.

వాటిని పుస్తకంగా వేద్దామని 1858లోనే షాగిర్దులు అడిగితే ఆయన వద్దన్నారు. ఆలోచించకుండా రాసిన ఉత్తరాలు కవిగా తన పేరుకు మచ్చ తెస్తాయని భయం. తర్వాత మెత్తబడ్డారు. మొదటి సంపుటం ఊద్-ఎ-హిందీ 1868 అక్టోబర్‌లో మీరఠ్‌లో అచ్చయింది. అప్పటికే ఆయనకు సరిగా వినపడదు, చూపు తగ్గింది, మంచం దిగడం కష్టం. చనిపోవడానికి ఒకరోజు ముందు షాగిర్దు హాలీ చూడబోయేసరికి, నవాబు అలావుద్దీన్ ఖాన్ ఉత్తరానికి జవాబు చెప్పి రాయిస్తున్నారు. అదే ఆయన చివరి పనుల్లో ఒకటి. 1869 ఫిబ్రవరి 15న ఇంతకాల్ అయ్యారు. హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా దర్గా దగ్గర దఫన్ చేశారు. రెండో సంపుటం ఉర్దూ-ఎ-ముఅల్లా మరుసటి నెల వచ్చింది. ఆయన చూడలేదు. ఏడాది తిరిగేసరికి ఉమ్రావ్ బేగం కూడా వెళ్లిపోయారు.

స్టాంపు చెప్పిన మాట

గాలిబ్ పోయిన 1869లోనే హైదరాబాద్ రాజ్యం తన మొదటి స్టాంపు తెచ్చుకుంది. నిజాం కాలపు స్టాంపుల మీద ఉర్దూతో పాటు తెలుగు కూడా కనిపించేది. 1931లో చార్మినార్, హైకోర్టు, ఉస్మాన్ సాగర్, అజంతా గుహల ముఖద్వారం, బీదర్ మదరసా, దౌలతాబాద్ మినార్ బొమ్మలతో వచ్చిన వరస ఇప్పటికీ స్టాంపులు సేకరించేవాళ్లకు ప్రాణం. ఉర్దూ, తెలుగు ఒకే కాగితం మీద పక్కపక్కన ఉండటం ఈ నేలకు కొత్త కాదు.

గాలిబ్‌ను బతికించినవాళ్లలోనూ ఈ నేల మనుషులున్నారు. హైదరాబాద్‌లో పుట్టిన డాక్టర్ జాకిర్ హుసేన్ జర్మనీలో చదువుకుంటూ 1925లో బెర్లిన్‌లో గాలిబ్ దీవాన్‌ను అందంగా అచ్చు వేయించారు. అచ్చు అక్షరాలు పేర్చే పనిలో తానూ చెయ్యి వేశారు. 1969 ఫిబ్రవరిలో గాలిబ్ నూరేళ్ల వర్ధంతికి 20 పైసల స్టాంపు వచ్చినప్పుడు ఆయనే రాష్ట్రపతి. ఆ స్టాంపు మీద కవి బొమ్మతో పాటు ఉత్తరాల మీద వేసే ముద్ర కూడా ఉంది. అదే ఏడాది పాకిస్తాన్ కూడా గాలిబ్ స్టాంపులు తెచ్చింది. పంచుకోవడం కుదరని ఆస్తుల్లో ఆయన ఒకరు. ఇక దాశరథి కృష్ణమాచార్యులు గాలిబ్ గీతాలుగా తెలుగులోకి తెచ్చాక, ఉర్దూ అక్షరం రాని తెలుగు ఇళ్లలోకి కూడా మీర్జా సాహెబ్ నడిచొచ్చారు.

1952 నాటి ప్రశ్న ఇప్పుడు రూపం మార్చుకుని ఇళ్లలోకి వచ్చింది. తెలుగు ముస్లింల ఇళ్లలో చాలాచోట్ల సందూకు అడుగున పాత ఉత్తరాల కట్టలుంటాయి. దాదా రాసినవి, నానీకి వచ్చినవి, దుబాయి నుంచో జిద్దా నుంచో ఇంటికి చేరినవి. చాలావరకు ఉర్దూ లిపిలో ఉంటాయి. తెలుగు మీడియంలో, ఇంగ్లీషు మీడియంలో చదివిన పిల్లలు ఉర్దూ మాట్లాడతారు, ఆ కాగితం మాత్రం చదవలేరు. లిఫాఫా మీది స్టాంపు చించి ఆల్బంలో అంటించుకుంటారు, లోపలి ఉత్తరం అలాగే ఉండిపోతుంది.

దేశం తన వారసత్వాన్ని స్టాంపు మీద అచ్చు వేసి గౌరవించగలదు. దాన్ని చదివి నిలబెట్టే పని ఇంటివాళ్లది. ఇంట్లో ఉర్దూ చదవగలిగిన పెద్దలు ఉన్నంతలోనే ఆ కట్ట విప్పించి, ఒక్కో ఉత్తరం చదివించుకుని, తెలుగులోనైనా రాసి పెట్టుకుంటే అది పోదు. గాలిబ్ ఇంట్లో ఉన్న కాగితాలు పోయాయి. ఆయన ఉత్తరాలు మాత్రం ఈరోజుకీ దొరుకుతున్నాయి, అందుకున్నవాళ్లు దాచారు గనుక.